గొడుగు అధ్యాయం

"నా వాటా నాకిచ్చెయ్," అంది పెద్దకోడలు.

వంటింటి గుమ్మంలో నిలబడి, గిన్నెలు తోముతున్న చిన్నకోడలి వీపు చూస్తూ అంది. ఆస్తి పంపకాలప్పుడు అనే మాట అది. ఈ ఇంట్లో పంచుకోవడానికి పెద్దగా ఆస్తి లేదు. ఉన్నదల్లా ఇద్దరూ కలిసి రాసిన ఒక నవల.

చిన్నకోడలు కుళాయి కట్టేసింది.

"వాటా ఏంటక్కా? నవలకి మధ్యలో గోడ కట్టుకుంటామా?"

"నా అధ్యాయాలు నావి, నీవి నీవి. నువ్వు కోసి పారేసినవి కూడా ఏరి ఇవ్వు. చెత్తబుట్టలో వేశావో, పొయ్యిలో పెట్టావో."

"ఎక్కడా వెయ్యలేదు. కంప్యూటర్లోనే ఉన్నాయి. ఒక్క ముక్క కూడా పోలేదు."

"గొడుగు?"

"గొడుగూ ఉంది."

"ఉందిట! పుస్తకంలో లేనిది ఎక్కడుంటే ఏం లాభం?"

చిన్నకోడలు చేతులు చీరకి తుడుచుకుంది. ఏదో అనబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూసి పెద్దకోడలికి ఇంకా మండింది. ఎదుటివాళ్ళు మాటకి మాట అంటే కోపం కాసేపటికి చల్లారుతుంది. ఇలా నోట్లో నీళ్ళు పోసుకుని నిలబడితే ఎలా చల్లారుతుంది?

హాల్లో అత్తగారు పేపరు చదువుతున్నారు. చదువుతున్నారని అనుకోవాలి, అంతే. పొద్దుటినుంచీ అదే పేజీ. వరండాలో పెద్దకొడుకు టేబుల్ ఫ్యాను విప్పి ముందేసుకున్నాడు. మోటార్లు బాగుచెయ్యడం అతని వృత్తి. ఇంట్లో గొడవ మొదలైందంటే దుకాణానికి సెలవైనా సరే ఏదో ఒకటి విప్పి కూర్చుంటాడు. ఆ ఫ్యానుకి ఏ రోగమూ లేదు. చిన్నకొడుకు పనిమీద ఊరెళ్ళాడు, అదృష్టవంతుడు.

నిన్న జరిగింది ఇదీ. భోజనాలయ్యాక అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి, "ఆ గొడుగు అధ్యాయం ఇంకోసారి చదవవే చిన్నమ్మాయ్, బుద్ధి పుట్టింది," అన్నారు. చిన్నకోడలు నీళ్ళు నమిలింది. గొడుగు అధ్యాయం లేదు. అదొక్కటే కాదు, నవల్లో తండ్రి కనబడే అధ్యాయాలేవీ లేవు. అన్నీ పెద్దకోడలు రాసినవి. అన్నీ తీసేసి, తండ్రి ఎప్పుడో పోయాడని మొదటి పేజీలో ఒక్క వాక్యం పెట్టింది చిన్నకోడలు. పెద్దకోడలికి మాటమాత్రం చెప్పకుండా.

అలా చెయ్యడం ఈ ఇంట్లో ఎంత పెద్ద నేరమో తెలియాలంటే ఈ ఇంటి చట్టం తెలియాలి. చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు చేసిన చట్టం. ఒకరు పొయ్యిమీద పెట్టినదాంట్లో రెండోవాళ్ళు గరిటె పెట్టకూడదు. ఉప్పు తక్కువైనా, కారం ఎక్కువైనా నోరు మూసుకుని తినాలి. ఈ ఒక్క ముక్క పుణ్యమా అని తోడికోడళ్ళిద్దరూ ఒకే వంటింట్లో ఇన్నాళ్ళూ సొంత అక్కచెల్లెళ్ళకంటే నయంగా బతికారు.

నవలకీ అదే చట్టం పెట్టుకున్నారు. కొంప మునిగింది అక్కడే.

పెద్దకోడలు బళ్ళో లెక్కల టీచరు. ఆవిడ రాసేది ఇల్లు విడిచి వెళ్ళిపోయిన ఒక తల్లి కథ. చిన్నకోడలు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఆవిడ రాసేది ఆ తల్లి కోసం కిటికీ దగ్గర కూర్చున్న కూతురి కథ. ఒక అధ్యాయం ఈవిడ, ఒక అధ్యాయం ఆవిడ. పెద్దకోడలి చేతిలో తల్లి చేసింది న్యాయం. చిన్నకోడలి చేతికి రాగానే అది అన్యాయం. ఈవిడ తల్లిని రైలెక్కిస్తే, ఆవిడ తర్వాతి అధ్యాయంలో ఆ రైలుని సిగ్నలు దగ్గర ఆపేసింది, కూతురు పరిగెత్తుకుని వచ్చేందుకు. ఈవిడ ఇంకో అధ్యాయంలో మళ్ళీ కదిలించింది. పాపం, ఆ రైలు ఎక్కడికీ చేరలేదు. అయినా ఒకరినొకరు ఒక్క మాట అనుకోలేదు. గరిటె పెట్టకూడదు కదా!

దిద్దలేదా అంటే దిద్దారు, చాలాసార్లు దిద్దారు. ఎవరి అధ్యాయం వాళ్ళు. కామాలు తీశారు, పెట్టారు. 'అంది'ని 'అన్నది' చేశారు, మళ్ళీ 'అంది' చేశారు. చిన్నకోడలికి అచ్చుతప్పు దొరికితే నిధి దొరికినట్టే. దిద్దిన ప్రతిసారీ నవల బాగుపడిందనుకున్నారు ఇద్దరూ. ఇల్లు వాస్తు తప్పిందని తెలియక గుమ్మానికి రంగులేసుకున్నారు.

పోయిన వారం ప్రచురణకర్త ఫోన్ చేసింది. ఆవిణ్ణి ఒక్కసారి కూడా చూడకుండానే అత్తగారు కత్తెరమ్మ అని పేరు పెట్టారు.

"ఒక్క అచ్చుతప్పు లేదమ్మా," అంది కత్తెరమ్మ. చిన్నకోడలి మొహం వెలిగింది. "నవల కూడా లేదు," అంది ఆ వెంటనే. "ఉన్నవి రెండు సగాలు, అవి ఒకదానికొకటి అతకవు. అసలు నాకొకటి చెప్పండి. అంత బంగారంలాంటి మొగుణ్ణి వదిలేసి ఆవిడెందుకు వెళ్ళిపోయింది? మొదటి అధ్యాయం నుంచి చివరిదాకా చదివాను. కారణం దొరకలేదు. మొదటినుంచీ మళ్ళీ కట్టుకొస్తామంటే ఆగుతాను. సోమవారం చెప్పండి. లేదంటే ఆ నెలకి ఇంకో పుస్తకం ఉంది."

రేపే సోమవారం.

"నేను చేసింది తప్పే," అంది చిన్నకోడలు చివరికి. "చెప్పకుండా చెయ్యడం తప్పు. కానీ అక్కా, చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"మరి?"

"మరి ఏంటి మరి? ఒప్పుకోరని తెలిసి చేస్తే దాన్ని ఏమంటారు? బళ్ళో పిల్లలు చేస్తే నేను బయట నిలబెడతాను."

"అయితే నిలబెట్టు! వరండాలో నిలబడతాను, బావగారికి స్క్రూలందిస్తాను. కానీ ఆ తండ్రి ఉంటే తల్లి గుమ్మం దాటదక్కా. నేనెన్ని రకాలుగా రాసి చూశానో నీకు తెలీదు. దాటదు. అంత మంచి మనిషిని వదిలి ఎవరు వెళ్తారు? ఆవిడకి మతిపోయిందని రాయాలి, లేదా ఆయన్ని తీసెయ్యాలి."

"అందుకని చంపేశావు."

"కథలోనే కదా."

"కథలోనేనా?" పెద్దకోడలు గుమ్మం దాటి లోపలికొచ్చింది. "ఆయనెవరో నీకు తెలీదా? చిల్లర లేని ముసలమ్మకి తన జేబులోంచి టిక్కెట్టు కొట్టింది ఎవరు? స్టాపు రాగానే పాట పాడి నిద్రపోయేవాళ్ళని లేపింది ఎవరు? మావయ్యగారిని ఒకసారి పోగొట్టుకున్నాం. పుస్తకంలోనన్నా ఉంటారనుకున్నాను. నాకు నాన్న లేడు. ఉద్యోగంలో చేరిన రోజు నన్ను బడి గేటు దాకా దింపింది ఆయన. నీకు అది తెలీదు, నువ్వు అప్పటికి రాలేదు."

చిన్నకోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమెకీ మావయ్యగారంటే ప్రాణమే. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన ఆయన, వచ్చిన కొత్తలో ఆమె బెంగపెట్టుకుంటే స్టాపుల పేర్లన్నీ వరసగా పాడి నవ్వించేవారు. అది ఇప్పుడు చెప్పుకుంటే పోటీకి దిగినట్టుంటుందని మానేసింది.

"ప్రింటు తీసినది మొత్తం ఇలా తే," అంది పెద్దకోడలు. "నావి ఏరుకుంటాను."

చిన్నకోడలు కాగితాల కట్ట తెచ్చి చేతిలో పెట్టింది. ఏదీ కొయ్యనప్పటి పాత ప్రతి. పెద్దకోడలు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తనవి ఏరుకోవాలంటే ముందు ఏవి ఎవరివో చూడాలి. చూడాలంటే చదవాలి. ఆవిడ ఇన్నాళ్ళూ నవలని మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపున ఎప్పుడూ చదవలేదు. తన అధ్యాయం దిద్దుకోవడం, చిన్నకోడలిది ఒకసారి చూసి "బావుందే" అనడం, అంతే. అదీ చట్టం ప్రకారమే.

తలుపు అవతల చాలాసేపు కాగితాలు తిరిగిన చప్పుడు. ఒకసారి నవ్వు వినబడింది. చిన్నకోడలు గుమ్మం దగ్గర చెవి పెట్టి, ఏ అధ్యాయానికి నవ్విందో తెలియక గింజుకుంది. ఆ తర్వాత ఏమీ లేదు. పేజీ కూడా తిరగలేదు.

"బతికే ఉందా?" అన్నారు అత్తగారు పేపరు వెనకనుంచి.

"చదువుతోంది అత్తయ్యా."

"దానికంటే పోట్లాటే నయం. కనీసం ఏమనుకుంటోందో తెలిసేది."

టీ వేళకి తలుపు తెరుచుకుంది. పెద్దకోడలు కాగితాలు గుండెకి పట్టుకుని వచ్చింది. వాటిని ఏరలేదు. కట్ట కట్టగానే ఉంది. చిన్నకోడల్ని చెయ్యి పట్టుకుని వంటింటి వెనక నడవలోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించింది.

"కూతురు తన జడ తనే వేసుకోవడం నేర్చుకునే చోట ఏడుపొచ్చిందే నాకు."

"మరి నవ్వింది దేనికి?"

"నవ్వింది నా దానికే. సిగ్గులేకుండా." కట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "కత్తెరమ్మ చెప్పింది నిజం. నాకు ముందే తెలుసు. లెక్కల టీచర్ని, లెక్క తప్పితే తెలీదా? ఆ తల్లిని రైలెక్కించిన ప్రతిసారీ నాకే నమ్మకం కుదర్లేదు. అందుకే ప్రతి అధ్యాయంలోనూ మళ్ళీ ఎక్కించాను. నమ్మకం ఉంటే ఒకసారి ఎక్కిస్తే చాలదూ?"

చిన్నకోడలికి ఊపిరి ఆడింది. "మరి తండ్రిని..."

"తియ్యడం కుదరదు. ఆయన లేకపోతే ఆవిడ వెళ్ళిపోవడంలో ఏముంది? ఖాళీ ఇంట్లోంచి లేచి వెళ్ళడమే. ఆయన ఉండాలి. కానీ వదిలి వెళ్ళదగ్గ మనిషై ఉండాలి. తాగుడో, తన్నులో, ఏదో ఒకటి పెట్టాలి." పెద్దకోడలు నడవ చివర హాలు వైపు చూసింది. "ఎలా పెట్టనే? నేను ఒక్కో అధ్యాయం రాసి తెస్తే అత్తయ్య ఎదురుగా కూర్చుని వింటారు. అది మావయ్యగారేనని ఆవిడకి తెలుసు. ప్రతిసారీ ఆయన్ని చూసుకోవడానికే వింటున్నారు. ఆవిడ మొహం చూస్తూ నేను ఆయన చేతికి సీసా ఎలా ఇవ్వను?"

"ఆవిడకి చదవకుండా ఉంటే?"

"పుస్తకం వచ్చాక?"

చిన్నకోడలు చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"నాకింకా చెవుడు రాలేదు," అని హాల్లోంచి వినబడింది.

ఇద్దరూ బిక్కచచ్చిపోయారు.

"రండి ఇలా. గుసగుసలాడితే రహస్యం అనుకుంటారు కాబోలు, ఈ ఇంట్లో నడవలో మాట్లాడితే వీధిలోకి వినబడుతుంది. కూర్చోండి. టీ తర్వాత పెడుదురుగాని."

కూర్చున్నారు. అత్తగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆవిడకి కోపం వచ్చిందో లేదో ఇద్దరికీ అర్థం కాలేదు. కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"మీ మావయ్య అంత మంచివారని మీకెవరు చెప్పారు?"

పెద్దకోడలు ఉలిక్కిపడింది. "మీరే కదా అత్తయ్యా! గొడుగు సంగతి మీరే చెప్పారు."

"చెప్పాను. నిజమే అది. ఎవరో బస్సులో గొడుగు మర్చిపోయారు. హోరున వాన. ఈయన డ్యూటీ దిగి, వాళ్ళ ఇల్లు కనుక్కుంటూ నడిచారు. గొడుగు చేతిలోనే ఉంది. విప్పలేదు. పరాయివాళ్ళ గొడుగు, వాళ్ళనడక్కుండా విప్పకూడదన్నారు. తడిసి ముద్దయి ఇచ్చొచ్చారు. ఆ గొడుగు గలాయన వారం రోజులు వీధి వీధంతా చెప్పుకు తిరిగాడు."

"అదే కదా నేను రాసింది."

"అదే రాశావు. బాగా రాశావు. నేను నీకు చెప్పిందే అంతవరకు." అత్తగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఆవేళ పెద్దోడికి జ్వరం. కాలిపోతోంది ఒళ్ళు. డాక్టరు రాసిచ్చిన చీటీ పొద్దున్నే ఆయన జేబులో నేనే పెట్టాను. మధ్యాహ్నానికి డ్యూటీ దిగి మందులు తెస్తానన్నారు. తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం అయింది. సాయంత్రం అయింది. వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా లేచాను. ఆఖరికి వచ్చారు, జుట్టులోంచి నీళ్ళు కారుతూ, నవ్వుతూ. గొడుగు కథ అంతా నిలబడే చెప్పారు. చీటీ జేబులో పిండిముద్ద అయిపోయింది."

వరండాలో స్క్రూడ్రైవరు చప్పుడు ఆగింది. ఎవరూ గమనించలేదు.

"తిట్టారా?" అంది చిన్నకోడలు.

"ఏమని తిడతాను? ఆయన తలే తుడిచాను. తడిసింది ఆయన కదా. మర్నాడు పక్కింటివాళ్ళు వచ్చి, ఎంత అదృష్టవంతురాలివమ్మా అన్నారు. నవ్వాను. చెడ్డవారై ఉంటే నాకు హాయిగా ఉండేది తల్లీ. నలుగురికీ చెప్పుకుని ఏడ్చేదాన్ని. అందరిచేతా అయ్యో అనిపించుకునేదాన్ని. ఆయన మంచివారే. బస్సెక్కిన వాళ్ళందరికీ మంచివారు. ఇంట్లోవాళ్ళం మేం టిక్కెట్టు కొనలేదు, అంతే."

పెద్దకోడలి చేతిలో కాగితాల కట్ట ఒళ్ళోకి జారింది. తనకి తండ్రిలా నిలబడ్డ మనిషి మీద మొదటిసారి కోపం వచ్చింది ఆమెకి, కోపం వచ్చినందుకు బాధా వేసింది. బడి గేటు దాకా తనని దింపిన రోజు అత్తయ్యకి ఏం పని ఆగిపోయిందో ఎవరికి తెలుసు?

చిన్నకోడలు మాత్రం కుర్చీ అంచుకి వచ్చేసింది.

"అక్కా, సీసా అక్కర్లేదు. తన్నులూ అక్కర్లేదు."

"ఊఁ."

"గొడుగు అలాగే ఉంటుంది. పాటలుంటాయి, ముసలమ్మ టిక్కెట్టు ఉంటుంది. ఒక్కటీ తీసెయ్యక్కర్లేదు. కానీ బస్సులోంచి కాదక్కా. ఇంట్లోంచి చూడాలి. జ్వరంతో పడుకున్న పిల్ల చూడాలి. నాన్న ఎప్పుడొస్తాడని అమ్మ మాటిమాటికీ గుమ్మంలోకి వెళ్ళడం చూడాలి. నాన్న నవ్వుతూ వస్తాడు. పిల్లకి నాన్న ఎంతో ముద్దొస్తాడు. అమ్మ మొహం మాత్రం..."

"అమ్మ మొహం ఎలా ఉందో పిల్లకి అర్థం కాదు," అంది పెద్దకోడలు.

"కాదు. చదివేవాళ్ళకి అవుతుంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నిన్నటి నుంచి అదే మొదటిసారి.

పెద్దకోడలు కట్టలోంచి గొడుగు అధ్యాయం లాగి చిన్నకోడలి ఒళ్ళో పడేసింది. "నువ్వు రాయి."

"అది నీదక్కా."

"నాది కాబట్టే చెడిపోయింది. నేను రాస్తే మళ్ళీ ఆయన వెనకే నడుస్తాను వానలో. నువ్వు రాయి. దానికి బదులు ఆ రైలు నాకివ్వు."

చిన్నకోడలి మొహం మారింది. సిగ్నలు దగ్గర రైలు ఆగిపోయే అధ్యాయం ఆమె రాసినవాటన్నిటిలోకీ ఆమెకి ఇష్టమైంది. అచ్చాఫీసులో కంపోజిటరు చదివి బుగ్గలు తుడుచుకున్నాడు. ఇంతవరకు కోసినవన్నీ అక్కవి కాబట్టి కొయ్యడం సులువనుకుంది.

"దాన్నేం చేస్తావు?"

"తీసేస్తాను. రైలు ఆగదు. వెళ్ళిపోతుంది."

"కూతురు పట్టాలంట పరిగెత్తే ముక్క?"

"అదీ పోతుంది. రైలు వెళ్ళేసరికి కూతురు బళ్ళో ఉంటుంది, ఎక్కాలు చదువుకుంటూ. తెలీదు దానికి."

చిన్నకోడలు కట్టలోంచి ఆ పేజీలు లాగి చూసుకుంది. అంత చక్కటి పేజీలు! ఒక్క అక్షరం అటూ ఇటూ కదపక్కర్లేని పేజీలు. కానీ బళ్ళో కూర్చుని ఎక్కాలు చదివే పిల్ల అప్పటికే ఆమె కళ్ళముందు నిలబడిపోయింది. ఆ పిల్లకి ఇంకాసేపట్లో బడి వదులుతారు. ఇంటికెళ్తుంది.

"తీసెయ్," అంది. "నా ఎదురుగా మాత్రం తియ్యకు."

"నువ్వు నాకు చెప్పకుండా తీసినట్టు తియ్యనులే," అంది పెద్దకోడలు. అందులో కోపం లేదు, వేళాకోళమే ఉంది. చిన్నకోడలికి ప్రాణం లేచొచ్చింది.

ఇక చూడాలి ఆ హాలు! కుర్చీలు గోడకి జరిపారు, అధ్యాయాలన్నీ నేలమీద వరసగా పరిచారు. ఫ్యాను గాలికి లేవకుండా చెప్పులు, చెంబు, అత్తగారి మందుల డబ్బా బరువులు పెట్టారు. పెద్దకోడలు మధ్యలో మోకాళ్ళమీద నడుస్తూ, ఇది ముందుకి, ఇది వెనక్కి, ఇవి రెండూ కలిపి ఒకటి, ఇది ఎందుకు రాశామే అంటూ జరిపింది. తను రాసిన నవ్వుల అధ్యాయాల్లో సగం తన చేత్తోనే పక్కకి పెట్టేసింది. పెట్టిన ప్రతిదాన్నీ ఒకసారి నిమిరింది. ఉన్న పుస్తకంలో మూడొంతులు మళ్ళీ రాయాల్సిందేనని కాసేపటికే తేలిపోయింది. చిత్రమేమిటంటే ఇద్దరికీ దిగులు వెయ్యలేదు. కామాలు దిద్దినన్నాళ్ళూ వేసిన దిగులు ఇప్పుడు లేదు.

"రేపు కత్తెరమ్మకి ఏం చెప్పను?" అంది చిన్నకోడలు.

"కట్టుకొస్తామని చెప్పు. ఎప్పటికని అడిగితే మాత్రం నోరు జారకు." పెద్దకోడలు చివరి వరస దగ్గర ఆగింది. "ఒక్కటే తేలడంలేదు. వెళ్ళడానికి కారణం దొరికింది. గొడుగు రోజు సరే. కానీ ఆ రోజు వెళ్ళలేదు కదా, తల తుడిచింది కదా. అంత ఓర్చుకున్న మనిషి ఏ రోజున గుమ్మం దాటుతుంది? అది మనం కల్పించాలి."

"కల్పించక్కర్లేదు," అన్నారు అత్తగారు. "నేను చెప్పడం ఇంకా పూర్తవలేదు."

పెద్దకోడలు మోకాళ్ళమీదే వెనక్కి తిరిగింది.

"పెద్దోడికి జ్వరం తగ్గి మళ్ళీ బడికి పోవడం మొదలుపెట్టాక ఒక రోజు. ఏ గొడవా లేదు. ఆయన డ్యూటీకి వెళ్ళారు, వీడు బడికి వెళ్ళాడు. అన్నం వండి మూత పెట్టాను. చీరలు నాలుగు సంచిలో పెట్టుకుని మా అక్కయ్యగారింటికి వెళ్ళిపోయాను. తిరిగి రాకూడదనే వెళ్ళాను. చిన్నోడు అప్పటికింకా పుట్టలేదు."

చిన్నకోడలి చెయ్యి తనకి తెలియకుండానే నోటిమీదికి వెళ్ళింది.

"ఎంతకాలం అత్తయ్యా?"

"చాలాకాలమే. ఇంట్లో చెప్పుకోరు ఇలాంటివి. మీ మావయ్య ఎవరికీ చెప్పలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. అదీ మంచితనమే. వీడికి మాత్రం అమ్మ ఆస్పత్రిలో ఉందని చెప్పారట. చిన్నపిల్లాడు, నమ్మేశాడు. నయమే అనుకున్నాను. వాడికి ఇప్పటికీ తెలీదు. మీరు పుస్తకంలో ఏం రాసుకున్నా వాడికి మాత్రం..."

"నేను వెళ్ళానమ్మా ఆస్పత్రికి."

వరండా గుమ్మంలో పెద్దకొడుకు. చేతులకి గ్రీజు. అతను ఎప్పటినుంచి అక్కడ నిలబడ్డాడో ఎవరికీ తెలియదు.

అత్తగారు అతని వైపు తిరగలేకపోయారు.

"బడి నుంచి అటే వెళ్ళాను," అన్నాడు. అతనెప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఇప్పుడూ మాట్లాడలేదు. "ప్రతి గదీ చూశాను. ఒక నర్సమ్మ పట్టుకుని ఎవరబ్బాయివని అడిగింది. కండక్టరుగారి అబ్బాయినన్నాను. అయ్యో, మీ నాన్న ఎంత మంచివారు బాబూ అని బిస్కెట్టు పెట్టింది. మీ అమ్మ ఇక్కడ లేదు, ఇంటికి పో అంది."

"ఎవరితో అన్నావు రా?"

"ఎవరితో అంటాను? నాన్నకి తెలిస్తే బాధపడతాడని ఊరుకున్నాను."

"నేనొచ్చాక నన్నడగొచ్చు కదా!"

"అడిగితే మళ్ళీ వెళ్ళిపోతావేమోనని."

పెద్దకోడలు మొగుడి మొహం చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో అతను ఇంట్లో గొడవైనప్పుడల్లా ఏదో ఒకటి విప్పుకుని గుమ్మానికి దగ్గరగా, ఎవరు బయటికి వెళ్ళినా కనబడేచోటే ఎందుకు కూర్చుంటాడో ఆమెకి ఈ పూటే తెలిసింది. లేచి వెళ్ళి పక్కన నిలబడింది.

నేలమీద కూతురి అధ్యాయాలు ఒక వరస, తల్లి అధ్యాయాలు ఒక వరస. చిన్నకోడలు వాటిని చూస్తూ, ఇన్నాళ్ళూ అవి అతకవని తామెలా అనుకున్నామా అనుకుంది. పైకి మాత్రం, "రాయం అత్తయ్యా," అంది. "మీరు వద్దంటే, బావగారు వద్దంటే ఇది రాయం. ఇంకేదో కల్పించుకుంటాం."

అత్తగారు కొడుకునే చూశారు, చివరికి. "వాణ్ణడగండి. పోగొట్టుకుంది వాడు."

పెద్దకొడుకు గ్రీజు చేతులు లాగుకి తుడుచుకున్నాడు. అధ్యాయాలు తొక్కకుండా జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి తల్లి కుర్చీ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"రాసుకోండి," అన్నాడు. "నాకేం అభ్యంతరం లేదు. కానీ మీ నవల్లో ఆవిడ తిరిగి రాదు. నేను వరండాలో కూర్చుని అన్ని అధ్యాయాలూ విన్నాను, ఎక్కడా రాదు. మా అమ్మ వచ్చింది." తల్లి వైపు తల ఎత్తాడు. "ఎందుకొచ్చావమ్మా? నాకోసమా, నాన్న కోసమా? ఇంకెక్కడికీ పోలేకనా?"

అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఈసారి లేచి వెళ్ళిపోలేదు.